కావ్యగానముల గొప్పతనమును గూర్చిన అభిప్రాయభేదములు



వార్షిక మహాసభ సమీపించినప్పుడెల్ల ఉప్పలు నాచారములయందలి మన పద్మశాలి సంఘ కార్యవర్గమున నొక చర్చ తప్పక పుట్టుచుండును. సాయంకాలపు వినోదమునకు ఎవరిని పిలువవలెను? వృద్ధులు కూనపులివారిని రప్పించి, పటము కట్టించి, మార్కండేయపురాణము చెప్పింపవలెనందురు. నడివయస్సువారు త్యాగరాజకృతులు పాడు విద్వాంసుని కోరుదురు. యువకులు చలనచిత్రగీతములు పాడు బృందమే కావలెనని పట్టుపట్టుదురు. తుదకు ఎవరి చందా అధికమో వారి మాట నెగ్గుటయు, తక్కినవారు ముఖము ముడుచుకొని పెందలకడనే భోజనశాల దారి పట్టుటయు మనము చూచుచునే యున్నాము.

జిహ్వకొక రుచి, పుఱ్ఱెకొక బుద్ధి యని యీ తగవును త్రోసిపుచ్చుట సులభము. కాని యా సామెతతో మేము తృప్తి చెందజాలకున్నాము. రుచిభేదమే సర్వమునకు కారణమైనచో, నిన్న నిందితమైన కావ్యము నేడు పూజ్యమగుట యెట్లు? ఒకే గురువు నొద్ద ఒకే శాస్త్రము చదివిన యిద్దరు ఒకే గ్రంథమును గూర్చి విరుద్ధముగా పలుకుట యెట్లు? ఈ ప్రశ్నలకు తెలుగువారి సాహిత్యచరిత్రయందే సమాధానములు దొరకును. వానిని ముందుగా పరిశీలించి, పిదప మన యింటి సొత్తయిన పటకథకు అన్వయించి చూపుట మా యుద్దేశము.

మొదట మన వృత్తినుండియే యొక దృష్టాంతము తీసికొందము. ఉప్పలు దాటి వరంగల్లు త్రోవను పోయి, బీబీనగరము చెంత దక్షిణమునకు మరలినచో పోచంపల్లి చేరుదుము. అచ్చట మనవారు నూలునే ముందుగా కట్లు కట్టి, రంగులలో ముంచి, పిదప మగ్గమున కెక్కించి నేయు వస్త్రమును ఎల్లరును ఎఱుగుదురు. ఆ బట్టయందలి పువ్వు అంచు కొంచెము చెదరినట్లు, మసకబారినట్లు కనబడును. యంత్రముపై ముద్రించిన బట్టలకు అలవాటుపడిన కన్ను దానిని చూచి, గీత నిలువలేదని తప్పు పట్టును. నేతగాడు ఆ చెదరునే చూచి సంతోషించును. పడుగుపేకలు రంగుతో గూడ కలిసికొన్నవనుటకు అదియే గుర్తు. ఇతడు బట్టను తిరుగవేసి, వెనుకవైపునను పువ్వు అట్లే యున్నదా యని కూడ చూచును. ముద్రవేసిన బట్ట ఆ పరీక్షకు నిలువదు. ఒకే వస్త్రము, ఒకరికి దోషమైనది మఱియొకరికి గుణమైనది. ఇందు వస్త్రమున మార్పు లేదు, కన్నులలో దుష్టత్వమును లేదు. చూచువాడు ఏ పనిని ఎఱిగి చూచుచున్నాడనునదియే భేదమునకు మూలము.

ఈ విషయము పూర్వులకు తెలియనిది కాదు. భరతముని నాట్యశాస్త్రమున ప్రేక్షకుల స్వభావములను వివరించుచు, యువకులు శృంగారమునందును, ధనార్థులు అర్థవిషయములందును, శూరులు యుద్ధరౌద్రములందును, వృద్ధులు ధర్మకథలయందును పురాణములయందును ప్రీతి వహింతురని చెప్పినాడు. మన కార్యవర్గపు తగవు సుమారు రెండువేల యేండ్లనాటిదన్నమాట! ఆ ముని అంతటితో నూరకుండలేదు. ప్రయోగమును గూర్చి వివాదము పుట్టినచో తీర్పు చెప్పుటకు ప్రాశ్నికులను పేర్కొన్నాడు. యజ్ఞవిషయమునకు యజ్ఞవేత్త, అభినయమునకు నర్తకుడు, వృత్తములకు ఛందోవేత్త, పాఠమునకు శబ్దవేత్త, బాణప్రయోగమునకు విలుకాడు, వేషరచనాదులకు చిత్రకారుడు, స్వరతాళములకు గాయకుడు. ఒక్క పండితుని పిలిచి సర్వమును అతనికే అప్పగింపలేదు. విలుకాని నిలుకడ సరియా కాదా యని వైయాకరణుని అడుగరాదని ముని యభిప్రాయము. ఈ చిన్న నియమమును మఱచుటవలననే పిదపటి తగవులలో సగము పుట్టినవి.

ఆలంకారికులును కావ్యమునకు ప్రాణమేదియను విషయమున ఏకీభవింపలేదు. వామనుడు రీతి యనెను. తొమ్మిదవ శతాబ్దిని కాశ్మీరమున ఆనందవర్ధనుడు ధ్వని యనెను. కుంతకుడు వక్రోక్తిని, క్షేమేంద్రుడు ఔచిత్యమును పీఠమెక్కించిరి. పదునేడవ శతాబ్దిని షాజహాను కొలువున మన్ననలందిన మన తెలుగువాడు జగన్నాథపండితరాయలు పూర్వుల లక్షణములను నిశితముగా విమర్శించి, రమణీయతకు పట్టము కట్టెను. ఇందొక విశేషమున్నది. వీరెల్లరును కాళిదాసును మెచ్చినవారే. ఏల మెచ్చవలెనో చెప్పుటయందు మాత్రమే విడిపోయిరి. కావున అభిప్రాయభేదమున్నంత మాత్రమున గొప్పతనమే లేదని తలంపరాదు. గొప్పతనమునకు పెక్కు ద్వారములున్నవని మాత్రమే దానికర్థము.

ఇక తెలుగునాటికి వత్తము. మన ఉప్పలునుండి పోవు వరంగల్లు త్రోవయే ఘటకేశ్వరము, భువనగిరి, ఆలేరు, జనగామల మీదుగా ఓరుగల్లు చేరును. ఆ త్రోవకు చేరువనే పాలకుర్తి గలదు. కాకతీయుల కాలమున పాలకుర్తి సోమనాథుడు బసవపురాణమును ద్విపదయందు రచించెను. నన్నయాదులు నడచిన చంపూమార్గమును అతడు బుద్ధిపూర్వకముగా విడిచెను. పదిమంది గుమికూడి తాళము వేసి పాడుకొనుటకు, చదువురాని భక్తులును విని గ్రహించుటకు తగినది ద్విపదయనియు, జానుతెనుగనియు అతని నిశ్చయము. ఓరుగల్లున శివాలయములో భక్తులు ఆ పురాణమును చదువుకొనుచుండగా ప్రతాపరుద్రుడు విచ్చేసి అదేమని యడిగెననియు, చెంతనున్న పండితుడొకడు అది యతిప్రాసల నియమము తప్పిన ద్విపద యని తేల్చివేయగా రాజు మఱుమాటాడక వెడలిపోయెననియు సంప్రదాయమున నొక కథ కలదు. కథ యథార్థమైనను కాకపోయినను, అందలి పండితుని స్వరము మాత్రము మనకు సుపరిచితమే. అతడు పురాణమును వినలేదు; దాని వేషమును మాత్రము చూచెను.

తరువాత శతాబ్దములకు పిడుపర్తి సోమనాథుడు అదే బసవపురాణమును పద్యప్రబంధముగా మార్చి వ్రాసెను. భక్తియు కథయు నవియే. పండితసభలో కూర్చుండుటకు తగిన వస్త్రము మాత్రము కట్టబడెను. ఆధునికకాలమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో బసవపురాణమును ప్రకటించిరి. ఆనాటినుండి పండితులు ఆ ద్విపదనే వెదకి చదువసాగిరి. చంపువునకు ఏర్పడిన కొలతతో ద్విపదను కొలిచినంతకాలము సోమన చిన్నవాడు. పాటకు, సమూహమునకు, జానుతెనుగునకు తగిన కొలతతో చూచినప్పుడు అతడు మహాకవి. కొలబద్ద వేఱగుటయే అభిప్రాయభేదమునకు మొదటి కారణము.

వేమన చరిత్రయు నిట్టిదే. అతని పద్యములు పల్లెపల్లెను ప్రజల నాలుకలపై నుండగా, పండితులు వానిని కావ్యములలో లెక్కింపరైరి. చిన్న ఛందస్సు, వాడుకమాట, కథాశూన్యత, ఇవి వారికి కనబడిన లోపములు. చార్లెసు ఫిలిప్పు బ్రౌను అను ఆంగ్లోద్యోగి వ్రాతప్రతులను సేకరించి, ఆంగ్లానువాదముతో 1829లో వేమనపద్యములను అచ్చువేయించెను. తెలుగుదేశపు ప్రజల మనస్సును తెలిసికొనగోరిన పరదేశికి ఆ పద్యములు గనివలె తోచినవి. సుమారు నూఱేండ్లకు, 1928లో, సంస్కృతాంధ్రములందును సంగీతమునందును నిష్ణాతులైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమననుగూర్చి ఉపన్యసించి, పండితులచేతనే తల యూపించిరి. అడిగినవారి అక్కఱ మారగా, అదే పద్యము వేఱు సమాధానము చెప్పినది.

రెండవ కారణము మఱింత సామాన్యమైనది: తీర్పు చెప్పువాని ముందు కృతియే లేకుండుట. తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో పరమపదించెను. ఆయన 32,000 సంకీర్తనలు రచించెనని మనుమడు చిన్నన్న వ్రాసినాడు. వాని రాగిరేకులు తిరుమల యాలయమున ఒక చిన్న అరయందు శతాబ్దములపాటు మరుగుపడియుండెను. ఇరువదవ శతాబ్దిలో అవి వెలికివచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారి కృషిచే పరిష్కృతములై, స్వరపఱుపబడి, క్రమముగా ఇంటింటికిని చేరినవి. రేకులు అరలో నున్నంతకాలము తెలుగు సంగీతచరిత్ర వ్రాసినవారు అన్నమయ్యకు ఇచ్చిన చోటు స్వల్పము. అది వారి రుచిదోషము కాదు. కానరానిదానిని ఎవరు మెచ్చగలరు? కాని, కానరానిది లేదని చెప్పుటకును మనకు అధికారము లేదు.

ఈ అధికారము లేనివారు తీర్పు చెప్పినప్పుడు ఏమగునో మన తెలంగాణమునకు చక్కగ తెలియును. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొక పండితుడు వ్రాసినమాట 1930ల తొలివత్సరములలో ఇచ్చటివారి మనస్సులను గాయపఱచినది. గోలకొండ పత్రికాసంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ మాటకు కోపోద్రిక్తమైన వ్యాసముతో బదులు చెప్పి యూరకుండవచ్చును. వారట్లు చేయలేదు. ఊరూర కవుల వివరములను, పద్యములను రప్పించి, కూర్చి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించిరి. ఆ కవులందఱును మహాకవులని రెడ్డిగారును అనలేదు. కవులే లేరనుట యసత్యమని మాత్రము పుస్తకమును బల్లపై నుంచి చూపిరి. అటుపిమ్మట ఎవరు గొప్ప, ఎవరు సామాన్యులను చర్చకు ఆధార మేర్పడినది. వాదమునకు ముందు సేకరణము జరుగవలెనను పాఠమును మనకిచ్చినది ఆ సంచికయే.

ఇక మూడవ కారణము. కృతి కన్నులయెదుటనే యున్నను, దానినుండి కోరు ప్రయోజనము వేఱైనచో తీర్పు వేఱగును. పదునెనిమిదవ శతాబ్దిని తంజావూరున ప్రతాపసింహుని కొలువునందలి ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించినది. స్త్రీలను విద్యావంతులను చేయుటకు జీవితమును ధారపోసిన కందుకూరి వీరేశలింగముపంతులుగారు, ఆమె పాండిత్యమును గుర్తించియు, ఆ కావ్యము శృంగారము మితిమీరినదని గర్హించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ కావ్యమును చదివి ముగ్ధురాలై, పూర్వముద్రణమున విడిచిన పద్యములను గూడ చేర్చి, 1910లో పరిష్కరించి ప్రకటింపించిరి. పురుషులు వ్రాసిన శృంగారప్రబంధములను సహించినవారు దీనినే నిందించుట యేలనని ఆమె ప్రశ్న. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. టంగుటూరి ప్రకాశంపంతులుగారు మదరాసు ప్రధానిగా నుండగా, 1947లో ఆ నిషేధము తొలగినది.

ఇందు ఎవరిని మూర్ఖులనవలెను? పంతులుగారు సంఘసంస్కర్తలు, గ్రంథము సంఘమునకు ఏమి చేయునని వారు చూచిరి. నాగరత్నమ్మగారు గాయని, రసజ్ఞురాలు; గ్రంథము రసమును పోషించినదా యని, వ్రాసిన స్త్రీకి న్యాయము జరిగినదా యని ఆమె చూచిరి. ఉభయులును పుస్తకమును చదివియే మాటాడిరి. ఈ భేదము నిజమైన భేదము. ఇట్టిది నూఱేండ్లు సాగినను నష్టము లేదు. ఏలన, ప్రతివాదమును మఱియొకసారి గ్రంథమును చదివించును. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమును వెలువరించి, ప్రబంధకవుల వర్ణనాధిక్యమును ఆక్షేపించి, పింగళి సూరనను, అతని కళాపూర్ణోదయమును ఆకాశమున కెత్తినప్పుడును ఇట్లే జరిగినది. పండితులు ప్రతివాదములు వ్రాసిరి. ఉభయపక్షములవారును సూరనను మరల తెఱచి చదువవలసివచ్చినది. లాభపడినవాడు సూరన, అంతకంటె లాభపడినవారు పాఠకులు.

కావున అభిప్రాయభేదములను రెండుగా విభజింపవచ్చునని మాకు తోచుచున్నది. కృతిని చూచి, విని, దానికి తగిన కొలతను తెలిసికొని, ఆపై భిన్నముగా పలుకుట ఒకటి. చూడక, వినక, వేషమును బట్టియో, ఊరిని బట్టియో, కులమును బట్టియో పలుకుట రెండవది. మొదటిది సాహిత్యమునకు ఊపిరి. రెండవది అభిప్రాయమే కాదు.

సామాన్యులకు తేలికయైనదియే నచ్చును, ప్రౌఢమైనది పండితులకే చెల్లునను మాటయు రెండవ తెగకు చెందినదే. తిరుపతి వేంకటకవుల భారతనాటకముల పద్యములకు అక్షరము రానివారు వన్సుమోరులు కొట్టి రాత్రులు తెల్లవార్చిరి. మన నాచారమున రామకృష్ణా స్టూడియో నెలకొల్పిన నందమూరి తారకరామారావుగారు 1977లో దానవీరశూరకర్ణ చిత్రమును విడుదల చేసిరి. అందు కొండవీటి వేంకటకవిగారు వ్రాసిన సంభాషణలు సంస్కృతసమాసభూయిష్ఠములు. వానిని రిక్షా త్రొక్కువారు, కర్మాగారముల కూలీలు మొదటినుండి తుదివఱకు తడబడక యప్పజెప్పుట తెలుగునాట నెల్లరును విన్నదే. అర్థము సంపూర్ణముగా తెలియకున్నను, ఆ మాటల నడక, అవమానింపబడినవాని పక్షమున నిలిచిన ఆ తేజస్సు వారి హృదయమునకు తగిలినది. ఎవరికి ఏది యందునో ముందుగానే నిర్ణయించుట ఎంత ప్రమాదకరమో దీనిచే తెలియును.

ఇక మన యింటి విషయమునకు వత్తము. తెలంగాణమున అనేక కులములకు తమ పురాణమును చెప్పు ఆశ్రితగాయకులు కలరు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టీలు, రజకులకు పటమువారు, మాదిగలకు డక్కలివారు, మనకు కూనపులివారు. వీరు గ్రామములను మిరాశీగా పంచుకొని, ఏటేట వచ్చి, భృగువంశజుడైన మార్కండేయుని చరితమును, భావనాఋషి పద్మతంతువులతో దేవతలకు వస్త్రము నేసిన వృత్తాంతమును, సూర్యపుత్రిక భద్రావతితో అతని వివాహమును రాత్రులతరబడి గానము చేయుచుండిరి. గాయకుని వెనుక పొడవైన పటము వ్రేలాడుచుండును. కథ సాగినకొలది ఒక్కొక్క యంకణము విప్పబడును. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల యంబలి, జిగురు పట్టించి, ఎఱ్ఱని నేలపై ఈ పటములను వ్రాయుచు వచ్చిరి. నేసినవారు మనవారు, చిత్రించినవారు నకాషులు, పాడినవారు కూనపులివారు, పోషించినవారు మరల మనవారు. ఇది యొక్కని కృతి కాదు. మూడు వృత్తులు కలిసి నేసిన బట్ట.

నేడు దీని స్థితి యేమి? నల్లగొండ, వరంగల్లు జిల్లాలనుండి మనలో పలువురు మగ్గము విడిచి, ఉప్పలు నాచారముల పారిశ్రామికవాడలలో పని వెదకుకొని వచ్చి స్థిరపడితిమి. మగ్గము నిలిచిన యూర కూనపులివారి మిరాశీయు నిలిచినది. ఇంకొక విచిత్రము: చేర్యాల చిత్రములకు మాత్రము పేరు పెరిగినది. కథనుండి ఒక్క యంకణమును విడదీసి, చట్రము కట్టించి, నగరములలోని భవనముల గోడలకు వ్రేలాడదీయుచున్నారు. దానిని కళ యని కొనియాడువారే, ఆ యంకణమును చూపుచు పాడిన పాటను బిచ్చగాని పాట యనుచున్నారు. చిత్రము కంటికి నిమేషములో నందును, కొని యింటికి తీసికొనిపోవచ్చును. పాటకు మూడు రాత్రులు కూర్చుండవలెను. కొనుటకు వీలైనది గొప్పదైనది; కూర్చుండవలసినది తక్కువదైనది. ఈ తీర్పును ఏ ప్రాశ్నికుడు చెప్పెను?

ఒరులను నిందించుటకు ముందు మా తప్పును మేమే చెప్పుకొనుట ధర్మము. సుమారు ముప్పదియేండ్ల క్రిందట నొక పల్లెయందు కూనపులి వృద్ధుడొకడు కథ చెప్పుచుండగా మేమును కూర్చుంటిమి. అప్పటికి మాకు వ్యాకరణము క్రొత్తగా తలకెక్కియుండెను. అతడు ఒక సంస్కృతపదమును హ్రస్వముగా పలికెను. మేము సభలోనే లేచి అది దీర్ఘమని దిద్దితిమి. కొందఱు నవ్విరి. ఆ వృద్ధుడు తాళము నాపి, కోపింపక, చేతులు జోడించి యిట్లనెను: “అయ్యా, తమరు చెప్పిందే ఒప్పు గావచ్చు. ఆ మాట పెట్టి దరువు నడిపి సూపెట్టుండ్రి, నేర్సుకుంట.” మేము ప్రయత్నించితిమి. దీర్ఘము పెట్టగానే తాళము తప్పినది. వెనుక వంతపాడువారు ఆగిపోయిరి. తల వంచుకొని కూర్చుంటిమి. అతడు మరల తన హ్రస్వముతోనే కథ నెత్తుకొనెను.

భరతముని నియమమును మేము పుస్తకమున చదివియుంటిమి. ఆ రాత్రి మాత్రము మఱచితిమి. శబ్దవేత్తలమైన మేము గాయకుని పీఠమున కూర్చుంటిమి. అది కథయందలి మాటయే కాని పాఠశాలయందలి మాట కాదని మాకు తట్టలేదు. ఆ సిగ్గు మనస్సున నుండి, పెక్కేండ్లకు ఆ కథను యథాతథముగా వ్రాసికొనవలెనని మరల ఆ యూరికి పోతిమి. వృద్ధుడు గతించెను. కుమారులు కర్మాగారమున పనిచేయుచుండిరి. వారికి కథలో కొన్ని దరువులు మాత్రమే జ్ఞాపకమున్నవి. పటమును పాతవస్తువులు కొనువారికి అమ్మివేసిరి. మేము దిద్దిన ఆ పదము ఏ సందర్భమున వచ్చెనో నేడు మాకును జ్ఞాపకము లేదు. మాకు మిగిలినది మేము పట్టిన తప్పు మాత్రమే.

ఇట్లు చెప్పినంతమాత్రమున, మన కులపురాణము గనుక అది సర్వోత్తమకావ్యమని మేము చాటుచున్నామని తలంపవలదు. సంఘసభలలో అట్టి మాటలకు కరతాళధ్వనులు సులభముగా లభించును. కాని మనదియను నభిమానమును కొలబద్ద కాదు. మనది గనుక గొప్పదనుటయు, మనది గనుక నాగరికుల ముందు చిన్నతనమనుటయు ఒకే దోషముయొక్క రెండు రూపములు. రెండును వినకుండ చెప్పిన తీర్పులే. పటకథలోను బలమైన ఘట్టములుండును, చప్పనైన సాగదీతలుండును. వానిని వేఱుచేయుట విన్నవారి పని. త్యాగరాజకృతులను గాని, చలనచిత్రగీతములను గాని తగ్గించుట మా యభిమతము కాదు. త్యాగరాజకృతిని వినక కచ్చేరి నుండి లేచిపోవు వృద్ధుడును, పటకథను వినక నవ్వు యువకుడును మా దృష్టియందు సమానులే.

మన ఇరుగుననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్య బిరుదురాజు రామరాజుగారు 1950ల దశకమున తెలుగు జానపదగేయసాహిత్యముపై పరిశోధనము చేసి డాక్టరు పట్టము నందిరి. పాటలు పాడువారి నోటనుండి వినుట, విన్నదానిని విన్నట్లు వ్రాయుట, ఇదియే ఆ మార్గము. వారు చూపిన త్రోవ మన వాకిటిముందే యున్నది. నడచువారు కావలెను.

కావున కార్యవర్గమునకును, పోషకమహాశయులకును మా విన్నపము లివి. మహాసభ సందర్భమున ఒక రాత్రిని కూనపులివారికి పూర్తిగా కేటాయింపుడు. అరగంటలో ముగింపుమని గడియారము చూపవలదు. కృతులకును చిత్రగీతములకును వేఱు దినముల నిండు. ఒకదాని కాలమును కోసి మఱియొకదానికి అతికింపవలదు. జరిగిన కథను మొదటినుండి తుదివఱకు ధ్వనితోను దృశ్యముతోను పదిలపఱపించి, దిద్దుబాటు లేకుండ గ్రంథస్థము చేయింపుడు; హ్రస్వము హ్రస్వముగనే యుండనిండు. గోడకు వ్రేలాడదీయు నొక యంకణమును కొనుటకు ముందు, పాడుటకు పనికివచ్చు నిండుపటము నొకదానిని చేర్యాలయందు వ్రాయించి, పాడగల కుటుంబమున కిండు. నాచారమునుండి చేర్యాలకు త్రోవ సుదూరము కాదు. 2017 మొదలు ఉప్పలు మీదుగా మెట్రోరైలు నడచుచున్నది. నగరమున ఏ మూలనున్న మనవారైనను సభకు వచ్చి వినుటకు శ్రమ లేదు.

విన్న పిదప వివాదపడుడు. పటకథ గొప్పదని కొందఱును, కాదని కొందఱును పలుకుడు. ఆ తగవు మఱుసటి సంచికలో అచ్చగుగాక. అట్టి తగవున మా పక్షము ఓడినను మేము సంతోషింతుము. పటమును, పాటయు పోయిన పిమ్మట మాత్రము గెలిచిన పక్షమును లేదు, ఓడిన పక్షమును లేదు. బట్టను తిరుగవేసి చూచు నేతగాని యలవాటు మన చేతులలో నింకను మిగిలియున్నదని నమ్మి, ఈ నాలుగు మాటలు విన్నవించి విరమించుచున్నాము.

స్వస్తి.